సదరంలో 55%, నెట్‌లో ఐదు లెక్కలు: పింఛను, రాయితీల విషయంలో దేన్ని నమ్మాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది: తమ్ముడికి 34 ఏళ్లు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు దెబ్బతింది. 2012లో ప్రకాశం జిల్లాలో తీసుకున్న సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్‌లో 55% అని ఉంది. కుటుంబం ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటోంది. పింఛనుకు 80% ఉండాలని ఒక వెబ్‌సైట్, 40% చాలని ఇంకొకటి చెబుతున్నాయి. ఒక వీడియోలో నెలకు 15,000 అన్నారు, మరోదాంట్లో 6,000, ఇంకోచోట 4,016. ఏఐ యాప్‌ను అడిగితే రైల్లో 75% రాయితీ, కారు మీద జీఎస్టీ తగ్గింపు కూడా ఉన్నాయంది. వీటిలో ఏది నిజం?

మీరు చదివినవాటిలో పచ్చి అబద్ధం దాదాపు లేదండీ. ప్రతి అంకె ఏదో ఒక రాష్ట్రంలో, ఏదో ఒక తేదీన, ఏదో ఒక రకం వైకల్యానికి సరైనదే. చిక్కంతా ఆ రాష్ట్రం, తేదీ, రకం చెప్పకుండా అంకెను మాత్రం చెప్పడంలో ఉంది. కాబట్టి ఒక్కో అంకె ఎక్కడిదో చూద్దాం. మీ తమ్ముడికి ఏది వర్తిస్తుందో అక్కడే తేలిపోతుంది.

ముందు 80%, 40% గొడవ. 80% అనేది కేంద్రం నడిపే ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకానిది. దారిద్ర్యరేఖకు దిగువన ఉండి, 18 నుంచి 79 ఏళ్ల మధ్య వయసుండి, 80% లేదా ఆపైన వైకల్యం ఉన్నవారికి కేంద్రం ఇచ్చే వాటా నెలకు 300 రూపాయలు. జాతీయ స్థాయి వెబ్‌సైట్లన్నీ దీన్నే రాస్తాయి. మన రెండు రాష్ట్రాలూ 40% నుంచే సొంత డబ్బుతో పింఛను ఇస్తున్నాయి. అంటే 55% ఉన్న మనిషి ఆ జాతీయ పేజీ చదివి ‘మనకు రాదులే’ అని ఊరుకుంటే నష్టపోయేది అతనే. ఇలా అర్హత ఉండి కూడా దరఖాస్తే చేయనివాళ్లు ఉంటారు. తప్పుడు ఆశ పెట్టే వీడియోల కంటే ఇలాంటి ‘సరైన’ పేజీలే ఎక్కువ చెరుపు చేస్తాయని నా అభిప్రాయం.

ఇక మొత్తాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై 1 నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది. 15,000 కూడా అక్కడిదే, కానీ అది వేరే వర్గానికి: పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారు, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవారు, ప్రమాదంలో పూర్తిగా మంచం పట్టినవారు. పోలియో వచ్చి నడవగలిగే మనిషికి అది వర్తించదు. 4,016 తెలంగాణ ఆసరా పింఛను, 2023లో 3,016 నుంచి అంతకు పెంచారు. తెలంగాణలో కూడా 6,000 అని కొన్ని పోస్టులు కనిపిస్తాయి. అది 2023 ఎన్నికల్లో చేయూత పేరుతో ఇచ్చిన హామీ. హామీ ఇచ్చిన రోజే ‘పింఛను 6,000’ అని శీర్షిక పెట్టేవాళ్లకు కొదవ లేదు. జీవో వచ్చిందా, పింఛనుదారుల చేతికి ఎంత అందుతోంది అన్నవే చూడండి.

మీ కేసులో అసలు ప్రశ్న మొత్తం గురించి కాదు. ఏ రాష్ట్రంలో అడగాలన్నదే. పింఛను నివాసాన్ని బట్టి ఇస్తారు. తమ్ముడి ఆధార్‌లో ఏ చిరునామా ఉంది, రేషన్ కార్డు ఏ రాష్ట్రానిది అన్నవి మొదట చూసుకోండి. సర్టిఫికెట్ ప్రకాశం జిల్లాది కాబట్టి ఏపీలో పింఛను తీసుకుంటూ హైదరాబాద్‌లో ఉండొచ్చని కొందరు సలహా ఇస్తారు. ఏపీలో పింఛను గ్రామ, వార్డు సచివాలయం సిబ్బంది ఒకటో తారీఖున ఇంటికొచ్చి ఇస్తారు. ఒకటి రెండు నెలలు ఊళ్లో లేకపోతే తర్వాత కలిపి ఇచ్చే వీలు 2024 డిసెంబరు నుంచి పెట్టారు గానీ, వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే శాశ్వతంగా వలస వెళ్లినట్టు లెక్కకట్టి ఆపేస్తారు. రెండు రాష్ట్రాల్లోనూ పెట్టి చూద్దామనే ఆలోచన మాత్రం వద్దు. ఆధార్ ఒక్కటే కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది, తీసుకున్న డబ్బు వెనక్కి కట్టమంటారు. మీరు హైదరాబాద్‌లో స్థిరపడిపోతే ఆధార్ చిరునామా మార్పించి తెలంగాణలో దరఖాస్తు చేయడమే తిన్నని దారి. నెలకు దాదాపు రెండు వేలు తక్కువే, నిజమే. కానీ ఆగిపోయిన పింఛను కోసం మార్కాపురం, ఒంగోలు చుట్టూ తిరిగే బస్సు చార్జీలు కూడా లెక్క వేసుకోండి.

ఒకవేళ ఏపీలోనే అడిగేటట్టయితే, వైకల్యం శాతం ఒక్కటే చాలదు. కుటుంబ ఆదాయం నెలకు పల్లెల్లో 10,000, పట్టణాల్లో 12,000 దాటకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు, రెండూ కలిపి పదెకరాలు మించకూడదు. కరెంటు వాడకం సగటున నెలకు 300 యూనిట్లు దాటకూడదు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి, ఆదాయపన్ను కట్టేవారు, సొంత కారు ఉండకూడదు (ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్‌కు మినహాయింపు ఉంది). పట్టణంలో వెయ్యి చదరపు అడుగులు దాటిన ఇల్లుండకూడదు. వెబ్‌సైట్లు ఇంతవరకు రాస్తాయి. ఆ తర్వాత జరిగేది రాయవు. ఈ లెక్కలన్నీ మనిషి చూసి వేసేవి కావు, ఆధార్ ఆధారంగా కంప్యూటర్ తీసేవి. ఎప్పుడో ఖాళీ చేసిన అద్దింటి మీటరు మీ నాన్నగారి ఆధార్‌తో కలిసే ఉందనుకోండి, ఆ కరెంటంతా మీ ఇంటి లెక్కలో పడుతుంది. అమ్మేసిన కారు రవాణా శాఖలో పేరు మారకపోయినా ఇదే కథ. మీరు వేరు కాపురం పెట్టినా సచివాలయం రికార్డులో తమ్ముడితో ఒకే కుటుంబంగా ఉంటే మీ జీతం, మీ పన్ను అతని నెత్తిన పడతాయి. ‘అర్హత లేదు’ అనగానే సచివాలయంలో గొడవపడి లాభం లేదు. ఏ కారణంతో ఆగిందో స్క్రీన్ మీద కనిపిస్తుంది. దాన్ని చూపించమని అడిగి, ఆ కారణం కరెంటుకు సంబంధించిందైతే విద్యుత్ కార్యాలయంలో, బండికి సంబంధించిందైతే రవాణా శాఖలో ముందు సరిచేయించుకుని మళ్లీ రావాలి.

ఇప్పుడు శాతం సంగతి. నెట్‌లో అన్నిటికంటే గందరగోళంగా ఉండేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

సర్టిఫికెట్‌లో 55% పక్కనే అది ఏ అవయవానికి సంబంధించిందో రాసి ఉంటుంది. మీ తమ్ముడిదైతే ఎడమ కాలు. కాలి విషయంలో రెండు భాగాలు చూస్తారు. ఒకటి కదలిక: కీళ్లు ఎంతవరకు తిరుగుతున్నాయి, కండరాల బలం సున్నా నుంచి ఐదు వరకు ఏ గ్రేడులో ఉంది. రెండోది నిలకడ: చదునైన నేల మీద, వాలు మీద, మెట్ల మీద నడక, గొంతుక్కూర్చోవడం, బాసిపట్టు వేసుకోవడం, మలుపు తిరగడం వంటివి. కాలు పొడవు తగ్గితే మొదటి అర అంగుళానికి ఏమీ లేదు, ఆపై ప్రతి అర అంగుళానికి 4% కలుస్తుంది. అంటే ‘పోలియో అయితే ఇంత శాతం’ అనే పట్టిక ఎక్కడైనా కనిపిస్తే అది ఎవరో సొంతంగా రాసుకున్నదే. జబ్బు పేరుకు శాతం ఉండదు, మిగిలిపోయిన లోపానికే ఉంటుంది.

రెండు వైకల్యాలుంటే కూడేయడం ఇంకో పొరపాటు. కాలుకు 40, చేతికి 30 ఉంటే 70 అని చాలామంది లెక్కేస్తారు. మెడికల్ బోర్డు వాడే సూత్రం వేరు: పెద్ద అంకెకు, తొంభైలోంచి పెద్ద అంకె తీసేయగా మిగిలినదాన్ని చిన్న అంకెతో గుణించి తొంభైతో భాగించి కలపాలి. 40, 30 అయితే 30ని 50తో గుణిస్తే 1,500, దాన్ని 90తో భాగిస్తే 16.67, మొత్తం దాదాపు 57. అలాగే ఒక కన్ను పూర్తిగా పోయి రెండో కన్ను చూపు 6/18 లేదా అంతకంటే మెరుగ్గా ఉంటే 30% మాత్రమే వస్తుంది, 40 కాదు. ‘ఒక కన్ను పోతే పింఛను వస్తుంది’ అన్న వీడియోలు చూసి వైద్య పరీక్షకు స్లాట్ బుక్ చేసుకుని, రోజంతా లైన్లో నిలబడి ఉత్త చేతులతో తిరిగి వచ్చేవారికి ఇది ముందే తెలిస్తే బావుండేది.

మీ తమ్ముడి సర్టిఫికెట్ 2012ది, అంటే కేంద్రం 2001లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కొలిచింది. ఆ తర్వాత 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. ఏడు రకాల వైకల్యాలు 21 అయ్యాయి. కొలిచే పద్ధతిని 2018 జనవరిలో ఒకసారి, 2024 మార్చిలో ఇంకోసారి మార్చారు. ఏదైనా పేజీ ఏడు రకాల వైకల్యాల గురించే మాట్లాడుతోందంటే, అది 1995 చట్టం నాటిదని గుర్తుపట్టి మూసేయండి.

ఇక్కడో జాగ్రత్త. ‘80% వస్తే ఇంకా ఎక్కువ లాభాలు, మళ్లీ పరీక్ష చేయించుకోండి’ అని నెట్‌లో చాలామంది చెబుతారు. తొందరపడకండి. మళ్లీ కొలిస్తే కొత్త అంకె పాతదాని స్థానంలోకి వస్తుంది, అది పెరగొచ్చు, తగ్గొచ్చు కూడా. ఏపీలో 2025లో పింఛనుదారులను తిరిగి పరీక్షించినప్పుడు 40% లోపు వచ్చినవారికి ఆగస్టులో నోటీసులు వెళ్లాయి. పెద్ద గొడవ అయ్యాక అప్పీలు చేసుకునే అవకాశమిచ్చారు. నడుము నొప్పో, రెండో మోకాలి అరుగుదలో కొత్తగా చేరి పరిస్థితి నిజంగా దిగజారితే తప్ప, శాశ్వత సర్టిఫికెట్ ఉన్న మనిషి తనంతట తాను తిరిగి కొలిపించుకోవడం నేను సలహా ఇవ్వను. తాత్కాలిక సర్టిఫికెట్ అయితే వేరే మాట: దాని మీద గడువు తేదీ ఉంటుంది, ఆలోపే స్లాట్ చూసుకోవాలి.

అయితే యూడీఐడీ కార్డు, అంటే కేంద్రం పోర్టల్ ద్వారా ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు మాత్రం తీసుకోక తప్పదు. 2021 జూన్ 1 నుంచి వైకల్య సర్టిఫికెట్లు ఆ కేంద్ర పోర్టల్ ద్వారానే ఇవ్వాలన్నారు. 2023 ఏప్రిల్ నుంచి చాలా కేంద్ర పథకాలకు ఆ నంబరు గానీ, దరఖాస్తు నంబరు గానీ అడుగుతున్నారు. దరఖాస్తు ఉచితం. 2024 అక్టోబరు సవరణతో ఆధార్ తప్పనిసరి అయింది, ఇవ్వడానికి గడువు నెల నుంచి మూడు నెలలకు పెరిగింది, కార్డులకు రంగులు వచ్చాయి: 40 లోపు తెలుపు, 40 నుంచి 79 వరకు పసుపు, 80 ఆపైన నీలం. ‘నెలలో ఇవ్వాలి’ అని పాత పేజీ చూసి ఆసుపత్రిలో వాదించకండి. పోర్టల్‌లో పాత సర్టిఫికెట్ ఉన్నట్టు చూపించి, దాన్ని స్కాన్ చేసి అప్‌లోడ్ చేయొచ్చు. దాన్ని చూసి కార్డు ఇస్తారా, మళ్లీ రమ్మంటారా అన్నది జిల్లా వైద్యాధికారుల చేతిలో ఉంటుంది. ఇది ఏ వెబ్‌సైటూ ముందుగా చెప్పగలిగేది కాదు. కాబట్టి జిల్లా ఆసుపత్రిలో వైకల్య సర్టిఫికెట్లు చూసే విభాగంలోనే అడగండి. మళ్లీ రమ్మంటే పాత సర్టిఫికెట్, ఆపరేషన్ కాగితాలు, ఎక్స్‌రేలు ఏవుంటే అవి తీసుకెళ్లండి. దరఖాస్తు నివసించే జిల్లాలో పెట్టాలి, లేదా చికిత్స జరుగుతున్న ఆసుపత్రిలో.

దరఖాస్తుకు ముందు పేరు సరిచూసుకోండి. మన దగ్గర ఎక్కువ కార్డులు ఆగేది ఇక్కడే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, సదరంలో పొడి అక్షరం, పదో తరగతి మెమోలో ఇంటిపేరు చివర: కంప్యూటర్‌కు వీళ్లు ముగ్గురు మనుషులు. ఆధార్‌ను పదో తరగతి మెమోకు తగ్గట్టు ముందు సరిచేసి, మిగతావి దాన్నిబట్టి మార్చుకుంటే తిరుగుడు తగ్గుతుంది.

రైలు రాయితీ: యాప్ చెప్పిన 75% ఉన్నదే. సెకండ్ క్లాస్, స్లీపర్, ఫస్ట్ క్లాస్, థర్డ్ ఏసీ, చెయిర్ కార్‌లో 75%. ఫస్ట్ ఏసీ, సెకండ్ ఏసీలో 50%. రాజధాని, శతాబ్ది రైళ్లలో థర్డ్ ఏసీకి, చెయిర్ కార్‌కు 25%. తోడు వచ్చే ఒకరికీ అంతే. కానీ ఎముకలు, కండరాల వైకల్యం ఉన్నవారిలో తోడు లేకుండా ప్రయాణం చేయలేనివారికే ఇది. మీ తమ్ముడు ఒంటరిగా ఆఫీసుకు వెళ్లి వస్తుంటే 55 కాదు కదా, 75 ఉన్నా రాకపోవచ్చు. శాతానికీ దీనికీ సంబంధం లేదు. ప్రభుత్వ డాక్టరు రైల్వే వారి నమూనాలో రాసివ్వాలి, ఆ కాగితంతో రైల్వే కార్డుకు దరఖాస్తు చేయాలి. యూడీఐడీ చూపించినంత మాత్రాన కౌంటర్లో టికెట్ తగ్గించరు. 2020 మార్చిలో ఆపేసింది వృద్ధుల రాయితీని, దీన్ని కాదు. ఆ వార్త చదివి ఇదీ పోయిందనుకునేవారు ఉన్నారు.

కారు జీఎస్టీ సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. నాలుగు మీటర్ల లోపు, 1,200 సీసీ లోపు పెట్రోల్ కారుకో, 1,500 సీసీ లోపు డీజిల్ కారుకో దివ్యాంగులకు 18% పన్ను ఉండేది, మిగతావారికి 28. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ కార్లు అందరికీ 18% అయ్యాయి. పది శాతం మిగులుతుందని చెప్పే వీడియోలు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి, ఆ పేరుతో కాగితాలు చేయిస్తామని డబ్బు అడిగేవాళ్లూ ఉంటారు. ఇవ్వకండి.

మీరు అడగనిది ఒకటుంది, దానివల్ల లాభం మీకే. తమ్ముడు ప్రధానంగా మీ మీదే ఆధారపడితే ఆదాయపన్నులో 80డీడీ కింద మీరు మీ ఆదాయంలోంచి 75,000 తగ్గించి చూపొచ్చు. తోబుట్టువులు కూడా ఆధారపడినవారి జాబితాలో ఉన్నారు. 80% లేదా ఆపైన ఉంటే 1,25,000. అతను తన వైకల్యానికి సొంతంగా 80యూ కింద తగ్గింపు తీసుకోకూడదు. రెండూ పాత పన్ను విధానంలోనే చెల్లుతాయి, కొత్త విధానంలో లేవు. కొత్తదే ఇప్పుడు డిఫాల్ట్ కాబట్టి రెండు విధాలా లెక్క వేయించి ఎంచుకోండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం అమలు కాబట్టి ఈ సెక్షన్ల నంబర్లు కూడా మారతాయి. 80డీడీ అని వెతికితే పాత పేజీలే వస్తాయి.

మీ నాన్నగారు కేంద్ర ప్రభుత్వ పెన్షనరు అయితే ఇంకోటి కూడా కనుక్కోండి: వైకల్యం వల్ల సంపాదించుకోలేని సంతానానికి జీవితాంతం కుటుంబ పెన్షన్ ఉంటుంది. 2021 నుంచి నిబంధన ఏమిటంటే, అతని ఇతర ఆదాయం, అతనికి రావలసిన సాధారణ కుటుంబ పెన్షన్ (చివరి జీతంలో 30%, దానిపై కరువు భృతి) కంటే తక్కువ ఉండాలి. ఇక్కడ కూడా కొలబద్ద శాతం కాదు. నాన్నగారు ఉండగానే పెన్షన్ కాగితాల్లో అతని పేరు చేర్పించడం తేలిక.

నెట్‌ను దేనికి వాడొచ్చో కూడా చెప్పాలి. స్లాట్లు ఎప్పుడు వదులుతారు, దరఖాస్తు ఏ దశలో ఉంది, ఫారం నమూనా ఏమిటి అన్నవి చివర జీవోవీ డాట్ ఇన్ అని ఉన్న పోర్టళ్లలో చూడొచ్చు. ఎవరైనా కొత్త మొత్తమో కొత్త నిబంధనో చెబితే జీవో నంబరు, తేదీ, శాఖ అడగండి. రెండు రాష్ట్రాల్లోనూ పింఛను చూసేది గ్రామీణాభివృద్ధి కింద ఉండే సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ), దివ్యాంగుల సంక్షేమ శాఖ కాదు. ఆ శాఖ పేజీలో పింఛను మార్పు కనిపించలేదని లేదనుకోవద్దు. ఏఐ యాప్‌ను జీవోలోని భాషను సులువుగా విడమరచమని అడగండి, పనికొస్తుంది. ‘మా తమ్ముడికి ఏమేం వస్తాయి’ అని అడిగితే మాత్రం కేంద్రానిది, ఏపీది, తెలంగాణది, ఒక్కోసారి అమెరికా సోషల్ సెక్యూరిటీది కూడా కలిపి ఒకే జాబితాగా ఇస్తుంది.

దరఖాస్తు తిరస్కరిస్తే నోటిమాటతో వెనుదిరగకండి. సర్టిఫికెట్ ఇవ్వకపోతే కారణం రాతపూర్వకంగా చెప్పాలని నిబంధనల్లోనే ఉంది. శాతం మీద అభ్యంతరముంటే 90 రోజుల్లో రాష్ట్రం నియమించిన అప్పీలు అధికారికి పెట్టుకోవాలి. పింఛను ఆగితే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ఫిర్యాదుల కార్యక్రమంలో (ఏపీలో పీజీఆర్ఎస్, తెలంగాణలో ప్రజావాణి) అర్జీ ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. కదలకపోతే పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తులో ‘ఎందుకు ఇవ్వలేదు’ అని అడగకండి. ‘ఫలానా నంబరు దరఖాస్తు మీద రాసిన నోట్ ప్రతి, తిరస్కరించిన ఉత్తర్వు ప్రతి ఇవ్వండి’ అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి, కాగితం వస్తేనే అప్పీలుకు పట్టు దొరుకుతుంది.

ఇంకా ఏమైనా అడగాలంటే సర్టిఫికెట్ ఫొటో, ఆధార్ ఫొటో ఇక్కడ పెట్టొద్దు. సర్టిఫికెట్ శాశ్వతమా తాత్కాలికమా, ఆధార్ చిరునామా ఏ రాష్ట్రంలో ఉంది, రేషన్ కార్డులో ఎవరెవరున్నారు, తమ్ముడికి సొంత ఆదాయం ఉందా: ఈ నాలుగూ రాయండి చాలు.